కరివేపాకు చెట్టు: అడవి నుంచి బొగ్గుబాయి కాలనీ దాకా

కరివేపాకు చెట్టు నిమ్మ, బత్తాయిల కుటుంబమైన రూటేసీకి చెందిన పొద, కొన్ని చోట్ల చిన్న చెట్టు. భారత ఉపఖండంలోని ఆకురాల్చే అడవుల్లో పెద్ద చెట్ల నీడన దానంతట అదే మొలుస్తుంది. ఉత్తర తెలంగాణలో దీన్ని కల్యామాకు అంటారు, మిగిలిన చోట్ల కరివేపాకు, కరేపాకు అంటారు. శాస్త్రీయ నామం చాలాకాలం ముర్రయా కోనిగీగా ఉండి, ఇటీవలి వర్గీకరణలో మళ్ళీ మొదటి పేరు బెర్గెరా కోనిగీకి చేరింది. ఈ చెట్టు శాస్త్ర చరిత్రకు తెలుగు నేలతో గట్టి బంధం ఉంది. దీన్ని యూరప్ శాస్త్రజ్ఞులకు అందించిన కోనిగ్ కాకినాడ దగ్గర కన్నుమూశాడు. దీని బొమ్మను అచ్చులోకి తెచ్చిన రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పన్నెండేళ్ళు పనిచేశాడు. బొగ్గుతారులో మొదట బయటపడిన కార్బజోల్ అనే రసాయన చట్రం, సజీవమైన మొక్కలో తొలిసారి కనిపించింది కూడా ఈ చెట్టులోనే.

స్వరూపం

చెట్టు సాధారణంగా రెండు నుంచి ఆరు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మొదలు సన్నగా, బెరడు ముదురు రంగులో ఉంటుంది. ఒక్కో రెమ్మకు 11 నుంచి 25 దాకా చిన్న ఆకులు ఉంటాయి, చివర ఒంటి ఆకు తప్పదు. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు మెరుస్తాయి. అవి నూనె గ్రంథులు. వేళ్ళతో నలిపినప్పుడు వచ్చే వాసన అక్కడిదే. కాగిన నూనెలో ఆకు వేయగానే అందులోని తేమ ఒక్కసారిగా ఆవిరై చిటపటలాడుతుంది, గ్రంథులు పగిలి సుగంధ తైలం పోపు నూనెలోకి దిగుతుంది. ఆ తైలం నీళ్ళలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది కాబట్టే పోపులో వేసిన ఆకు గిన్నె మొత్తానికీ వాసన పంచుతుంది.

పూలు తెల్లగా, గుత్తులుగా, మంచి వాసనతో పూస్తాయి. కాయలు పచ్చగా మొదలై ఎర్రబడి, పండేసరికి నల్లగా నిగనిగలాడతాయి. పండు గుజ్జు తియ్యగా ఉంటుంది, గింజను మాత్రం తినరు. బుల్‌బుల్, కోకిల వంటి పక్షులు పండ్లు తిని గింజలను దూరంగా వేస్తాయి. గింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాల్లోనే పోతుంది, ఎండబెట్టి దాచిన విత్తనం పనికిరాదు. అందుకే పెరళ్ళలో గింజ నాటేవారి కన్నా, పెద్ద చెట్టు వేరు నుంచి లేచిన పిలకను తవ్వి తెచ్చి పెట్టుకునేవారే ఎక్కువ.

ఈ ఆకును మనుషులతో పాటు మరో జీవి కూడా ఇష్టంగా తింటుంది. నిమ్మచెట్ల మీద బతికే రెండు సీతాకోకచిలుకలు లేత కరివేపాకు మీద గుడ్లు పెడతాయి. పిల్ల గొంగళి నలుపు తెలుపు మచ్చలతో అచ్చం పక్షి రెట్టలా కనిపిస్తుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి చిన్న కొమ్ముల జత బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. నాలుగైదు గొంగళ్ళు చేరితే చిన్న మొక్క కొద్ది రోజుల్లో మోడవుతుంది, మళ్ళీ చిగురిస్తుంది కూడా.

ప్రాచీన ప్రస్తావనలు

క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి తమిళ సంగమ సాహిత్యంలో ఈ ఆకును వంటలో వాడిన ప్రస్తావన ఉంది. పెరుంబాణాఱ్ఱుప్పడై అనే కావ్యంలో దానిమ్మతో చేసిన వంటకంలో ఇది చేరుతుంది. సంస్కృత వైద్య గ్రంథాల్లో కైడర్యం, సురభినింబం అనే పేర్లతో కనిపిస్తుంది. ఆ తర్వాతి వెయ్యేళ్ళకు పైగా దక్కన్ వంటిళ్ళలో ఇది వాడుకలో ఉంది.

యూరప్ అచ్చు పుస్తకాల్లోకి ఇది కేరళ ద్వారా వచ్చింది. కొచ్చిన్ డచ్ గవర్నర్ హెండ్రిక్ వాన్ రీడ్ స్థానిక వైద్యుల సాయంతో తయారుచేయించిన హోర్తుస్ మలబారికుస్ పన్నెండు సంపుటాలుగా 1678 నుంచి 1693 వరకు వెలువడింది. 1683 నాటి నాలుగో సంపుటంలో వేప పక్కనే కరి-బేపు పేరుతో ఉన్న బొమ్మను తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు కరివేపాకుగా గుర్తించారు.

కోరమాండల్ తీరం: కోనిగ్, రాక్స్‌బర్గ్

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ తీరపు లివోనియాలో పుట్టాడు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆధునిక నామకరణ పద్ధతికి ఆద్యుడైన కార్ల్ లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. ఐస్‌లాండ్ మొక్కలు సేకరించాక, 1760ల చివర్లో తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. జీతం చాలక ఆర్కాట్ నవాబు కొలువులో చేరాడు. 1778లో ఈస్టిండియా కంపెనీ అతన్ని మద్రాసులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. సయాం, మలక్కా, సింహళం తిరిగి వచ్చాడు. తీరం వెంబడి కనిపించిన ప్రతి మొక్కనూ ఎండబెట్టి, వర్ణన రాసి గురువుకు పంపడం అతని అలవాటు.

అలా పంపినవాటిలో కరివేపాకు ఒకటి. లిన్నేయస్ 1771లో ప్రచురించిన మాంటిస్సా అనే అనుబంధ గ్రంథంలో బెర్గెరా కోనిగీ అనే పేరు తొలిసారి అచ్చయింది. మొదటి మాట డేనిష్ వైద్యుడు బెర్గెర్ గౌరవార్థం, రెండోది సేకరించిన శిష్యుడి గౌరవార్థం. ఆ పుస్తకంలోనే, పక్క పేజీలోనే, నాగగొలుగును ముర్రయా అనే మరో ప్రజాతి కింద చేర్చారు. ఇది గోటింగెన్‌లో ఆచార్యుడైన మరో శిష్యుడు ముర్రే పేరు. 1825లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కుర్ట్ స్ప్రెంగెల్ రెండు ప్రజాతులనూ కలిపేయడంతో కరివేపాకు ముర్రయా కోనిగీ అయింది. ఇటీవల డీఎన్ఏ పోలికలు రెండూ వేర్వేరు శాఖలని చూపాయి. లిన్నేయస్ నాటి విభజన ఇలా తిరిగి నిలబడింది. లండన్ క్యూ ఉద్యానవనం జాబితా నేడు బెర్గెరా పేరునే వాడుతోంది.

కోనిగ్ చివరి ప్రయాణం ఉత్తర సర్కారులకు. కాకినాడను ఆనుకున్న జగన్నాథపురంలో జబ్బుపడి 1785 జూన్ 26న మరణించాడు. ఆఖరి రోజుల్లో పక్కన ఉండి వైద్యం చేసింది సామర్లకోట సైనిక వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ కోరిక ప్రకారం అతని రాతపత్రాలు లండన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. కంపెనీ ఉద్యోగం విశాఖపట్నంలో ఉంటున్న ప్యాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. తెలుగు తీరపు పాములు, చేపల మీద మొదటి శాస్త్రీయ గ్రంథాలు రాసినవాడు ఈ రస్సెలే.

రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. మిరియం, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మొక్కలు అక్కడ పెంచి చూశాడు. 1787 మే నెలలో కోరంగిని ముంచిన తుపాను ఉప్పెనలో అతని పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులను పెట్టుకుని, మొక్కను ఎదురుగా ఉంచి, పూవును విప్పి, కేసరాలు విడివిడిగా కనిపించేలా బొమ్మలు గీయించాడు. వాటి నుంచి ఎంచిన 300 ఫలకాలు కోరమాండల్ తీరపు మొక్కలు అనే మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో వెలువడ్డాయి. రెండో సంపుటంలోని 112వ ఫలకం కరివేపాకుది. ఆ గొప్ప బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకంలో అచ్చు కాలేదు. కలకత్తా ఉద్యానవనానికి అధిపతిగా వెళ్ళాక రాక్స్‌బర్గ్ రాసిన ఫ్లోరా ఇండికాలో మొక్కల తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. ఆ పని కొనసాగింపుగా ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో ఫ్లోరా ఆంధ్రికా పేరుతో తెలుగు మొక్కల పేర్ల పట్టిక ప్రచురించాడు.

నిజాం ఏలుబడిలోని గోదావరి లోయ అడవుల మీద ఇంత పని జరగలేదు. 1930ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సయీదుద్దీన్ హైదరాబాద్ సంస్థానపు పూమొక్కల మీద వ్యాసాలు రాశాడు. పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసు రాసిన ఆదిలాబాద్ జిల్లా వృక్షజాలం గ్రంథం 1992లో వచ్చింది.

బొగ్గుతారు, కార్బజోల్, కరివేపాకు

భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరను గుర్తించాడు. సింగరేణి బొగ్గు గనుల చరిత్ర అక్కడ మొదలవుతుంది. ఆ మరుసటి ఏడాది, 1872లో, జర్మనీలో గ్రేబే, గ్లేజర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు బొగ్గుతారు నుంచి కార్బజోల్ అనే తెల్లని స్ఫటిక పదార్థాన్ని వేరుచేశారు. గాలి తగలకుండా బొగ్గును బాగా కాల్చినప్పుడు దిగే చిక్కని నల్లద్రవమే తారు. రెండు బెంజీన్ వలయాల మధ్య నత్రజని ఉన్న అయిదు కోణాల వలయం ఇమిడితే కార్బజోల్ అవుతుంది. అది రంగుల తయారీకి పనికొచ్చింది. తర్వాతి కాలంలో దాని నుంచి చేసిన పాలిమర్ ఫోటోకాపీ యంత్రాల్లోనూ చేరింది.

దాదాపు వందేళ్ళు కార్బజోల్ అంటే బొగ్గుతారు సరుకే. 1965లో కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో డి.పి. చక్రవర్తి, ఆయన సహచరులు కరివేపాకు చెట్టు నుంచి తీసిన ముర్రయానిన్ అనే ఆల్కలాయిడ్ నిర్మాణాన్ని వివరించారు. దాని మధ్యలో ఉన్నది కార్బజోల్ చట్రమే. మొక్కల్లో ఇలాంటి పదార్థం దొరకడం అదే మొదలు. ఆ వెనకే గిరినింబిన్, మహానింబిన్, కోనింబిన్ వంటివి ఒకదాని తర్వాత ఒకటి ఈ చెట్టు బెరడు, వేరు, ఆకుల్లో బయటపడ్డాయి. సూక్ష్మజీవుల మీద, క్యాన్సర్ కణాల మీద, ఎలుకల రక్తంలోని చక్కెర మీద వాటి ప్రభావాన్ని ప్రయోగశాలల్లో పరీక్షించారు. మనుషుల మీద పెద్ద ఎత్తున పరీక్షలు జరిగి మందుగా ఆమోదం పొందినది వాటిలో ఇంతవరకు లేదు.

సింగరేణి బొగ్గు ఎక్కువగా విద్యుత్ కేంద్రాల బాయిలర్లకే పోతుంది. అయినా హైదరాబాద్‌లో 1944లో మొదలై తర్వాత ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలగా మారిన సంస్థ, ఈ బొగ్గును తక్కువ వేడిలో కార్బనీకరించి పొగ రాని వంట ఇంధనం, తారు తీసే పద్ధతుల మీద చాలా ఏళ్ళు పనిచేసింది.

బొగ్గు బెల్టులో

బొగ్గు తవ్వడానికి హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో ఏర్పడింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. నేడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి కుడి ఒడ్డున రామగుండం దగ్గర 1960ల మొదట్లో బాయిలు తెరుచుకున్నాక గోదావరిఖని ఊరుగా ఎదిగింది. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి, కోస్తా జిల్లాల నుంచి, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి కార్మికులు వచ్చారు. 1990ల మొదట్లో కంపెనీ మొత్తం మీద లక్షకు పైగా మంది పనిచేసేవారు.

కరివేపాకు ఈ ఊళ్ళకు కాలనీలతో పాటు వచ్చింది. యైటింక్లయిన్ కాలనీ వంటి చోట్ల క్వార్టరు వెనక నాలుగు గజాల జాగా ఉంటే అందులో నల్లా నీళ్ళు పారే పక్కన జామ, మునగ, కల్యామాకు చెట్టు కనిపిస్తాయి. బొగ్గు పొరల మీద పరుచుకున్న ఇసుకరాతి నేలలో నీరు నిలవదు. వేరు కుళ్ళకుండా ఉండాలంటే ఈ చెట్టుకు అలాంటి నేలే కావాలి. 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలకు ఆకు కొంత రాల్చినా, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. పులిసిన మజ్జిగను మొదట్లో పోసే అలవాటు ఇక్కడా ఉంది.

వంటలో ఈ ఆకు పోపుకే పరిమితం కాదు. సర్వపిండి ఇందుకు మంచి ఉదాహరణ. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, ఉల్లాకుతో పాటు కల్యామాకును సన్నగా తుంచి కలుపుతారు. ముద్దను సర్వ అనే గిన్నె లోపలి గోడకు పలచగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వదిలి, మూత పెట్టి సన్నని మంట మీద కాలుస్తారు. చిల్లు అంచున ఉన్న ఆకు నూనెలో వేగి కరకరలాడుతుంది. చల్లారినా చెడదు కాబట్టి పొద్దటి షిఫ్టుకు పోయేవారి సద్దిలో ఒదిగిపోతుంది. పచ్చిపులుసు, పప్పుచారు, మక్కగారెలు కూడా ఈ ఆకు లేకుండా పూర్తి కావు.

అంగడిలో కూరగాయలు కొన్నవారికి రెండు రెమ్మలు కొసరుగా వేసే పద్ధతి చాలాకాలం నడిచింది. ఇప్పుడు కట్టగా కట్టి, కొత్తిమీరతో పాటు అమ్ముతున్నారు. ఓపెన్‌కాస్టు గనులు పెరిగాక ఈ బెల్టులో ఆకు వాడకానికి ఒక అదనపు పని తోడైంది. లారీల దారి పక్క పెరళ్ళలో సన్నని నల్లదుమ్ము ఆకు మీద పేరుకుంటుంది. ఆకు రంధ్రాలు మూసుకుపోతే చెట్టు ఎదుగుదల తగ్గుతుంది. రెమ్మను నీళ్ళలో నానబెట్టి, రెండు మూడు నీళ్ళతో కడిగి వాడడం ఇక్కడి ఇళ్ళలో అవసరమైన జాగ్రత్త.

2015 జూలైలో మొదలైన తెలంగాణకు హరితహారం కింద నర్సరీల్లో ఇంటి మొక్కలుగా పెంచి పంచినవాటిలో కరివేపాకు కూడా ఉంది.

పోషకాలు, సాగు

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు మారిన జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టిక ప్రకారం, నూరు గ్రాముల తాజా కరివేపాకులో 830 మిల్లీగ్రాముల కాల్షియం, 7,560 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉన్నాయి. 2017 నాటి కొత్త పట్టికలో కాల్షియం అంకె కొంత తగ్గినా, ఆకుకూరల్లో ఇది పైవరుసలోనే ఉంది. అయితే పోపులో పడేది రెండు గ్రాములకు మించదు, అందులోనూ చాలామంది ఆకును కంచం పక్కన పెట్టేస్తారు. పోషకం నిజంగా ఒంటికి పట్టేది ఆకును వేయించి దంచిన కరివేపాకు పొడి, పచ్చడి వంటివాటి వల్ల. తెలుగువారి వంటిళ్ళు ఎప్పటి నుంచో అనుసరిస్తున్న చక్కని మార్గమిది.

పెరటి మొక్క పొలంలో పంటగా మారింది ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం డీడబ్ల్యూడీ-1, డీడబ్ల్యూడీ-2 రకాలను అందించింది. తమిళనాడులో ఎర్రని ఈనెల సెంగాంబు రకానికి పేరుంది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం ప్రాంతాల రైతులు సాగుచేస్తారు. తోట నిలదొక్కుకున్నాక రెండు మూడు నెలలకోసారి కోత వస్తుంది. ఎగుమతి సరుకులో పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా దొరకడంతో 2010 తర్వాత ఐరోపా సమాఖ్య భారత కరివేపాకు మీద తనిఖీలు పెంచింది. మందులు తగ్గించి పండించే పద్ధతుల అవసరాన్ని ఇది రైతులకు గట్టిగా తెలియజెప్పింది.

విదేశాల్లో

ఒప్పంద కూలీలుగా 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నటాల్‌కు, 1879 నుంచి ఫిజీకి భారతీయులు వెళ్ళారు. దక్షిణాదివారు స్థిరపడిన ఈ చోట్లన్నిటా, మలయాలోనూ కరివేపాకు చెట్టు పెరళ్ళలో నాటుకుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ చెట్టు కొంత కష్టంగానే అందుతుంది. నిమ్మజాతి మొక్కల రసం పీల్చే సిల్లా పురుగు కరివేపాకు మీద కూడా గుడ్లు పెడుతుంది. నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చేది ఈ పురుగే. ఫ్లోరిడాలో పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, తెగులు 2012లో కనిపించాయి. విదేశాల నుంచి ప్రయాణికులు తాజా కరివేపాకు తీసుకురావడానికి అక్కడి వ్యవసాయ శాఖ ఒప్పుకోదు. తెగులు ప్రాంతాల నుంచి మొక్కలు తరలించడం మీద కూడా ఆంక్షలున్నాయి. ఎండాకాలం వాకిట్లో, చలికాలం ఇంట్లో కిటికీ పక్కన, తొట్టిలో ఒక్క చెట్టును ఏళ్ళ తరబడి కాపాడుకునే కుటుంబాలు అందుకే ఉన్నాయి.

పురుగుకు ఆశ్రయమిచ్చినా, తెగులు బ్యాక్టీరియా మాత్రం కరివేపాకు చెట్టులో నిలవలేదని బ్రెజిల్ పరిశోధనల్లో తేలింది. నారింజ తోట అంచుల్లో కరివేపాకు నాటి పురుగును అటు ఆకర్షించి, అక్కడే చంపే పద్ధతిని ఆ దేశ శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్నారు.